షేరుకు నేను రాసిచ్చిన లేఖ

2023 ఫిబ్రవరి మొదటి వారంలో, నిజామాబాద్‌లోని నా పశువైద్య క్లినిక్‌కు గంగారెడ్డి అనే పసుపు రైతు వచ్చాడు. ఆయనది బోధన్ మండలంలోని ఒక గ్రామం. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అక్కడ చెరకు తగ్గి పసుపు, వరి పెరిగాయి. ఆయన వెంట కుక్కను తీసుకురాలేదు. కుక్క గురించి ఒక కాగితం కావాలని వచ్చాడు.

ఆ కాగితం రాయడానికి నాకున్న అర్హత ఏమిటో ముందే చెప్పాలి. నేను పశువైద్యురాలిని. కుక్కకు టీకా వేయాలంటే నాకు డిగ్రీ ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి. అదే కుక్క మనిషిని కరుస్తుందా, కరవదా అని తేల్చి చెప్పడానికి ఏమీ అక్కర్లేదు. ట్రైనర్ అంటే కూర్చోవడం, నిలబడడం, పిలిస్తే రావడం వంటివి నేర్పేవాడు. బిహేవియర్ స్పెషలిస్ట్ అంటే కుక్క ప్రవర్తనలోని లోపానికి కారణం కనిపెట్టి, దాన్ని సరిదిద్దే పద్ధతి నిర్ణయించేవాడు. ఈ రెండు పనుల్లో ఎవరు ఏ బోర్డు పెట్టుకున్నా మా జిల్లాలో అడిగినవాళ్లు నాకు కనిపించలేదు. నేనూ ఒక బోర్డు పెట్టుకున్నాను. విదేశీ సంస్థ ఒకటి ఆన్‌లైన్‌లో నడిపే కోర్సు చేశాను. వీడియోలు శ్రద్ధగా చూశాను, నోట్సు రాసుకున్నాను, చివరి పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఒక అనుభవజ్ఞుడి కళ్లముందు ఒక్క కుక్కనైనా పరీక్షించి చూపించమని ఆ కోర్సు నన్ను అడగలేదు. అడగనందుకు అప్పట్లో సంతోషించాను.

గంగారెడ్డి సమస్య ఇది. ఆయన దగ్గర షేరు అనే మూడేళ్ల జర్మన్ షెపర్డ్ మగ కుక్క ఉంది. జనవరి చివర్లో మొదటి విడత పసుపును బస్తాలకెత్తి లారీలో వేస్తున్నప్పుడు అది ఒక హమాలీ మీదికి వెనుకనుంచి దూకింది. మనిషి బోర్లా పడ్డాడు. గాయం కాలేదు, వీపు మీద వేసుకున్న ఖాళీ గోనెసంచి మాత్రం చినిగింది. ఆ రోజునుంచి హమాలీలు ఆ కల్లంలో అడుగుపెట్టబోమన్నారు. పక్క పొలంలో మిగిలిన పంట తవ్వి ఉంది, ఉడకబెట్టిన పసుపు ఆరుతోంది.

"కుక్కను ఎవలకన్న ఇచ్చేద్దమంటే ఇంట్ల ఆడోళ్లు ఊకుంటలేరు. హమాలీలేమో కుక్క ఉంటే రామంటున్రు. మీరు చూసి, ఇది మంచిదే అని ఒక కాయితం రాసిస్తే వాళ్లకు ధైర్యముంటది, డాక్టరమ్మా" అన్నాడు.

మంచిదే అని ముందే ఒప్పుకోలేనని, పరీక్షించాక ఏది తేలితే అది రాస్తానని చెప్పాను. ఆ మాట చెప్పినప్పుడు నన్ను నేను చాలా నిజాయితీపరురాలిగా భావించుకున్నాను.

రెండు రోజుల తేడాతో రెండుసార్లు వెళ్లాను. ప్రతిసారీ గంటన్నర ఉన్నాను. కోర్సు వాళ్లు ఇచ్చిన టెంపరమెంట్ టెస్ట్ ఫారం నా చేతిలో ఉంది. కుక్క స్వభావాన్ని అంచనా వేసే ప్రశ్నల పట్టిక అది. కొత్త మనిషి దగ్గరికి వస్తే ఏం చేస్తుంది? తింటున్నప్పుడు గిన్నె కదిలిస్తే? పాదం పట్టుకుంటే? షేరు అన్నింటిలోనూ నెమ్మదిగా, స్నేహంగా ఉంది. సైకిల్ తొక్కే పిల్లలు, యూనిఫాం వేసుకున్న పోస్ట్‌మ్యాన్, వాక్యూమ్ క్లీనర్, పచ్చిక కోసే యంత్రం అనే వరుసలు కూడా ఫారంలో ఉన్నాయి. పోస్ట్‌మ్యాన్ బదులు గ్రామ పంచాయతీ సిబ్బందిలో ఒకరిని పిలిపించాను. చివరి రెండింటికీ ఎదురుగా 'వర్తించదు' అని రాశాను. ఆ ఊళ్లో వర్తించేవి ఏమిటని నన్ను నేను ప్రశ్నించుకోలేదు.

శిక్షణ వివరాల గడిలో, ఎవరైనా ట్రైనర్ దగ్గరికి పంపారా అని ఉంది. పంపామని, కూర్చోవడం, నిలబడడం నేర్పించారని గంగారెడ్డి చెప్పాడు. 'ఒబీడియెన్స్' అని రాసి తర్వాతి గడికి వెళ్లిపోయాను.

రెండోసారి వెళ్లినప్పుడు హమాలీల మేస్త్రీ ఖాజా భాయ్ వచ్చాడు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో చాలా ఏళ్లు బస్తాలు మోసిన మనిషి. ఆయన కల్లం అంచునే నిలబడి, లోపలికి రాకుండా మాట్లాడాడు.

"మేడం, అది మనిషిని పట్టలే. సంచిని పట్టింది. మా పిలగాని మొకం దిక్కు సూడనే లేదు. కింద పడ్డంక గూడ వాణ్ని ఇడిసిపెట్టి సంచినే గుంజింది."

కుక్క కోపం అందినదాని మీదికి మళ్లడం మామూలేనని, దాన్ని 'రీడైరెక్టెడ్ బైట్' అంటామని ఆయనకు వివరించాను. ఆయన విని, "మీరు సదువుకున్నోళ్లు" అన్నాడు.

తర్వాత నేను చేసిన పరీక్ష గురించి ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే తప్పంతా అక్కడుంది. ఆరిన పసుపు రాశి దగ్గర షేరును గొలుసుతో కట్టించి, ఒక కూలీని ఖాళీ సంచి భుజాన వేసుకుని రాశి దగ్గరికి నడవమన్నాను. కుక్క లేచి నిలబడింది. ఒళ్లు బిగిసింది, చెవులు ముందుకు వచ్చాయి, తోక పైకి లేచి కదలకుండా ఆగింది. కూలీని వెనక్కి రమ్మన్నాను. కుక్క సడలింది. 'రిసోర్స్ గార్డింగ్' అని రాసుకున్నాను. అంటే తనది అనుకున్న వస్తువు దగ్గరికి ఎవరినీ రానీయని గుణం. గిన్నె దగ్గర లేని ఆ గుణం పసుపు రాశి దగ్గర ఎందుకు ఉందన్న సందేహానికి, తవ్వకం మొదలైనప్పటినుంచి ఆ రాశికే కాపలా పెట్టారు కాబట్టి అని నేనే జవాబు చెప్పుకున్నాను.

ఆ ఒక్క పరీక్షలో రెండు విషయాలు కలిసి మారాయి. మనిషి రాశి దగ్గరికి వచ్చాడు. ఆ మనిషి ఒంటి మీద సంచి ఉంది. ఏ ప్రయోగశాలలోనైనా మొదటి ఏడాది విద్యార్థి చేయకూడని పొరపాటు అది. సంచి లేకుండా ఒకసారి నడిపించి ఉంటే, రాశికి దూరంగా సంచితో ఒకసారి నడిపించి ఉంటే, పది నిమిషాల్లో నిజం బయటపడేది. కారణం దొరికిందన్న తృప్తిలో ఫారం మూసేశాను.

లెటర్‌హెడ్ మీద ఇలా రాసిచ్చాను: 'పరీక్షించిన కుక్కకు మనుషుల పట్ల దూకుడు స్వభావం లేదు. పసుపు రాశి సమీపంలో మాత్రం కాపలా ప్రవర్తన గమనించడమైనది. రాశికి కనీసం ముప్పై మీటర్ల దూరంలో కట్టి ఉంచినట్లయితే కూలీలకు ప్రమాదం లేదు.' కింద సంతకం, తేదీ, నా రిజిస్ట్రేషన్ నంబరు. ఆ నంబరు పశువైద్యానికి ఇచ్చింది. ఈ వాక్యాలకు దానితో సంబంధం లేదు. అయినా దాన్ని చూసే హమాలీలు ఒప్పుకున్నారు.

గంగారెడ్డి నా సూచనను అక్షరాలా పాటించాడు. టేపుతో కొలిచి, కల్లానికి ముప్పై రెండు మీటర్ల దూరంలో పశువుల కొట్టం పక్కన గుంజ పాతి షేరును కట్టాడు. కల్లంనుంచి ఇంటికి వెళ్లే బాట ఆ కొట్టం పక్కనుంచే పోతుంది.

మార్చిలో అకాల వర్షాలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మి ఒక్కసారిగా వాన మొదలైంది. ఆరబెట్టిన పసుపు తడిస్తే రంగు పోతుంది కాబట్టి కల్లంలో ఉన్నవాళ్లంతా టార్పాలిన్లు కప్పడానికి పరుగెత్తారు. ఇంకో టార్పాలిన్ తేవడానికి పోశవ్వ ఇంటివైపు పరుగెత్తింది. యాభై దాటిన మనిషి. పసుపు రోజుల్లో కొమ్ములు ఏరే కూలికి వస్తుంది, మిగతా కాలమంతా ఇంట్లో బీడీలు చుడుతుంది. వాన పడ్డప్పుడు ఆ ప్రాంతంలో ఎవరైనా చేసేదే ఆమె చేసింది. ఒక గోనెసంచి మూలను ఇంకో మూలలోకి దోపి తలమీదనుంచి వీపు మీదికి కప్పుకుంది. జారిపోకుండా కుడిచేత్తో సంచి అంచును గడ్డం కింద పట్టుకుంది.

షేరు ఆమెను రోజూ చూస్తుంది. ఆమె తన సద్దిలోని జొన్నరొట్టె తుంచి వేస్తే తినేది. ఆ రోజు ఆమె పేరు పెట్టి పిలిచినా ఆగలేదు. మెత్తబడిన మట్టిలోంచి గుంజ ఊడి వచ్చింది. ఆమె సంచి పట్టుకున్న ముంజేతిని కుక్క సంచితో సహా పట్టింది. అందరూ అరిచారు, ఇద్దరు కర్రలతో కొట్టారు. వదలలేదు. చివరికి ఎవరో సంచిని ఆమె మీదనుంచి లాగేస్తే, కుక్క చేతిని వదిలి సంచి వెంట పోయింది.

బోధన్‌లో ప్రథమ చికిత్స చేసి నిజామాబాద్‌లోని పెద్ద దవాఖానకు తెచ్చారు. ముంజేతిలో నరం, స్నాయువులు తెగాయి. డాక్టర్లు కుట్లు వేశారు. చేయి నిలిచింది. బొటనవేలు, చూపుడువేలు కలవడం మాత్రం రాలేదు. తునికాకును చుట్టడం, కొసలు మడవడం, దారం కట్టడం, అన్నీ ఆ రెండు వేళ్ల పనే.

మనిషిని కరిచిన కుక్కను, టీకా వేసి ఉన్నా, పది రోజులు గమనించాలి. రేబిస్ లక్షణాలు ఉన్నాయా, లేవా అని చూడడానికి. షేరును నా క్లినిక్ వెనుక ఉన్న ఇనుప జాలీ గదిలో ఉంచాను. మూడో రోజున నేను చేయవలసిన పరీక్ష చేశాను. ఒక గోనెసంచిని గది ఎదుట నేలమీద వేశాను. కుక్క వాసన చూసి పక్కకు పోయింది. అదే సంచిని కర్రకు వేలాడదీశాను. లేచి చూసింది. దాన్ని నా ముంజేతికి చుట్టుకుని జాలీకి అవతల చేయి ఆడించాను. నోరు తెరిచి గుడ్డిగా జాలీ మీదికి దూకింది. మొరగలేదు, గుర్రుమనలేదు. సంచి విప్పి పక్కన పడేశాను. తోక ఊపుతూ నా వేళ్లు నాకడానికి వచ్చింది. ఈ మొత్తానికి ఐదు నిమిషాలు పట్టింది.

మరునాడు గంగారెడ్డిని పిలిచి, ఆ ట్రైనర్ దగ్గర కుక్కకు ఇంకేం నేర్పించారని అడిగాను. చెప్పడానికి తడబడ్డాడు. "గార్డు కోర్సు అన్నడు. కల్లం కాడ దొంగలొస్తరని చేయించిన. కరవనీకి నేర్పిచ్చినమంటే మీరు కాయితం రాయరని జెప్పలే" అన్నాడు. ఆయన్ను నిందించలేకపోయాను. ఆయన దాచాడు. నేను అడగలేదు.

ఇందల్వాయి దాటాక హైవే పక్కన ఆ ట్రైనర్ రేకుల షెడ్డు ఉంది. నరేశ్ అనే ముప్పై ఏళ్ల మనిషి. దాపరికం లేకుండా మాట్లాడాడు. కాపలా కుక్కలకు పట్టు నేర్పేటప్పుడు శిక్షకుడు చేతికి తొడుక్కునే మందపాటి తొడుగును బైట్ స్లీవ్ అంటారు. అది అతని దగ్గర లేదు.

"స్లీవ్ ఏడ దొరుకుతది మేడం? రెండు గోనెసంచులు చేతికి సుట్టుకొని మీదికెళ్లి సుతిలి కట్టుకున్న. షేరు శానా హుషారు. నాలుగో రోజుకే పట్టు పట్టింది."

"వదులు అంటే వదలడం నేర్పించావా?"

"అది రెండో కోర్సుల ఉంటది. ఆళ్లు మొదటిదాంకనే ఉంచిన్రు."

అతను అబద్ధమాడలేదు. గోడమీద అంటించిన పట్టికలో అలాగే ఉంది: మొదటి కోర్సు పట్టడం, రెండో కోర్సు వదలడం. అతను ఈ పని ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. పోశవ్వ చేయి గురించి చెప్పాను. నిజంగానే బాధపడ్డాడనుకుంటాను. ఆ తర్వాత, గోనెసంచి బదులు ఏం చుట్టుకోవాలో చెప్పమని నన్నే అడిగాడు.

కారణం తెలిసిన జబ్బుకు మందు ఉండాలి కదా అని చదివేవారికి అనిపించవచ్చు. సూత్రప్రాయంగా ఉంది. గోనెసంచికి, మంచి అనుభవానికి మెల్లగా లంకె వేస్తూ, నెలల తరబడి, నైపుణ్యం ఉన్న మనిషి చేతిలో, ఆ శిక్షణ వేళ తప్ప గోనెసంచులు కనిపించని చోట ఆ కుక్కను ఉంచాలి. గంగారెడ్డి ఊళ్లో సంచి లేని ఇల్లు లేదు. హైదరాబాద్‌లో నలుగురికి ఫోన్ చేశాను. ఒకరు తీసుకోలేమన్నారు. ఇద్దరి అర్హత నా అర్హతే, మరో పేరుతో. నాలుగో ఆయన తన దగ్గర ఇంకా మంచి గార్డు కోర్సు ఉందన్నాడు.

పదో రోజు గడిచింది. షేరుకు రేబిస్ లేదు. గంగారెడ్డి వచ్చి, ఊరు ఒప్పుకోదని, ఇంజెక్షన్ వేయమని చెప్పి, లోపలికి రాకుండా బయట బెంచీ మీద కూర్చున్నాడు. ముందు మత్తు ఇచ్చాను, నిద్రపట్టాక ప్రాణం తీసే రెండో మందు ఎక్కించాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా శిక్షణ, పరీక్ష, అనుమతి ఉన్న పని అదొక్కటే. దాన్ని తప్పు లేకుండా చేశాను.

పోశవ్వను ఇంటికి పంపాక చూడడానికి వెళ్లాను. ఆమె గడపలో కూర్చుని, ఎడమచేత్తో ఆకు కత్తిరించడానికి ప్రయత్నిస్తోంది. కుక్క ఏమైందని అడిగింది. చెప్పాను. "పాపం, అది నా మీద కోపంతోని జెయ్యలే బిడ్డా" అంది. పక్కనే బీడీలు చుడుతున్న ఆమె కూతురు లావణ్య చేటను పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"మేడం, మీరు కుక్కకు పరీక్ష పెట్టిన్రట గదా. మీకు ఎవలు పెట్టిన్రు?"

పోశవ్వ ఆమెను ఊరుకోమని కసిరి, చాయ్ పెట్టమంది. నేను మాత్రం జవాబు చెప్పాను. ఎవరూ పెట్టలేదమ్మా అన్నాను. ఆ అమ్మాయి తల ఊపి లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది.

తర్వాతి నెలల్లో నేను ఒక నివేదిక రాశాను. పరీక్ష ఎలా చేశాను, ఏది వదిలేశాను, లేఖలోని ఏ వాక్యానికి ఆధారం లేదు, పదకొండు పేజీల్లో రాశాను. దాన్ని చదివి నన్ను ప్రశ్నించే వాళ్లకు ఇవ్వాలనుకున్నాను. కోర్సు నడిపిన విదేశీ సంస్థకు పంపితే, నా అభిప్రాయానికి ధన్యవాదాలు చెబుతూ, అడ్వాన్స్‌డ్ కోర్సులో చేరమని జవాబు వచ్చింది. నాకు తెలిసిన ఒక సీనియర్ పశువైద్యుడు మొత్తం చదివి, "చికిత్సలో పొరపాటైతే అడగడానికి చోటుంది. కుక్క గుణం గురించి నువ్వు చెప్పిన మాటను విచారించే చోటు నాకైతే తెలియదు. దీన్ని ఎవరికని ఇస్తావు?" అన్నారు. ఇవ్వడానికి చోటు లేక ఆ నివేదిక నా దగ్గరే ఉండిపోయింది.

అలాంటి లేఖలు రాయడం మానేశాను. దానివల్ల ఏదైనా ఆగిందా అంటే, ఆగలేదు. కిందటి ఏడాది మాక్లూర్ నుంచి ఒక దంపతులు తమ కుక్కకు టీకా వేయించడానికి వచ్చి, ఒక ట్రైనర్ ఇచ్చిన లామినేట్ చేసిన పత్రం గర్వంగా చూపించారు. 'పరీక్షించిన కుక్కకు మనుషుల పట్ల దూకుడు స్వభావం లేదు' అని మొదలైంది. వాక్యాలన్నీ నావే. ఎవరో ఫోన్‌లో ఫోటో తీసుకుని పంచినట్టున్నారు. వాళ్లది కిరాయి ఇల్లు. పొలం లేదు, కల్లం లేదు. అయినా పసుపు రాశికి ముప్పై మీటర్ల దూరంలో కట్టాలన్న వాక్యం అందులో అలాగే ఉంది. మా జిల్లాలో ఈ పనికి ప్రమాణమంటూ ఏదైనా ఏర్పడి ఉంటే, అది నా తప్పే.

ఈ కేసు నాకు నేర్పింది చిన్న విషయం కాదు, ఓదార్చే విషయమూ కాదు. శ్రద్ధ అర్హతకు బదులు కాదు. నేను అశ్రద్ధ చేయలేదు. ఫారంలోని ప్రతి గడి నింపాను. నాకన్నా తెలిసినవాడు పక్కన నిలబడి, 'సంచి తీసేసి మళ్లీ నడిపించు' అని ఒక్క మాట అని ఉంటే చాలు. ఆ మాట అనేవాడు ఉండడాన్నే శిక్షణ అంటారు. వాడు లేని చోట నేను ఎంత జాగ్రత్తగా పనిచేసినా, నా తప్పును కనిపెట్టేది నేను కాదు, దాని కింద పడ్డ మనిషి. పోశవ్వ రెండు వేళ్లు మునుపటిలా కలుస్తూ ఉంటే, నా పరీక్ష సరైనదేనని నేను ఈనాటికీ నమ్ముతూ ఉండేదాన్ని.